మేనమామ లేని ఊరు

(ఫాంటసీ కథలు రాసే యువ రచయితల శిబిరంలో ఒక విశ్రాంత జువాలజీ అధ్యాపకురాలు చేసిన ప్రసంగం. మాట్లాడిన తీరులోనే ఉంచాం.)

అందరికీ నమస్కారం. వెనక వరసలో వాళ్ళకి వినబడుతోందా? సరే.

నేను కథలు రాసే మనిషిని కాదు. ముప్పై ఏళ్ళు డిగ్రీ పిల్లలకి జువాలజీ చెప్పాను. ఆ రోజుల్లో ప్రత్యుత్పత్తి పాఠం దగ్గరికి వచ్చేసరికి కొంతమంది లెక్చరర్లు “ఇది సులువే, ఇంట్లో చదువుకోండి” అని చాక్‌పీసు కింద పెట్టేసేవాళ్ళు. నేను పెట్టలేదు. క్లాసంతా కిసుక్కుమని నవ్వేది, నవ్వనిచ్చి చెప్పేదాన్ని. మీరూ నవ్వుకోవచ్చు, మార్కులేమీ పోవు.

ఇక్కడికి పిలిచినవాళ్ళు మీ కథలు పదకొండు నాకు ముందే పంపారు. తొమ్మిదింటిలో మనుషులు కాని జాతులున్నాయి. కొమ్ములున్నాయి, రెక్కలున్నాయి, ఒకరి ఒంట్లో నీలం నెత్తురు పారుతోంది. అన్నిట్లోనూ ఇంట్లో ఒక నాన్న, ఒక అమ్మ. అమ్మ వంట చేస్తోంది. [నవ్వులు] కొమ్ములు తలుపుకి తగలకుండా ఎలా వంగుతోందో కూడా రాశారు, చక్కగా రాశారు. వంటింట్లో ఆవిడే ఎందుకుందో మాత్రం రాయలేదు. ఇంకో కథలో మూడు లింగాలు పెట్టారు. మూడోదానికి మంచి పేరు పెట్టారు. నలభై పేజీలు వెతికినా దానికి ఒక్క పని దొరకలేదు. పెళ్ళికొచ్చిన దూరపు చుట్టంలా ఓ పక్కన నిలబడే ఉంది పాపం.

“ఎన్ని లింగాలు?” అని అందరూ అక్కడ మొదలుపెడతారు. నేనైతే “బిడ్డ ఖర్చు ఎవరిది?” అని మొదలుపెడతాను.

జీవశాస్త్రంలో ఆడ, మగ అంటే ఏమిటో తెలుసా? గడ్డం కాదు, గాజులు కాదు. పెద్ద కణం ఇచ్చేది ఆడ, చిన్న కణం ఇచ్చేది మగ. అంతకుమించి ఏమీ లేదు. అండంలో పిండానికి కావలసిన తిండి ఉంటుంది, కాబట్టి పెద్దది, కాబట్టి తక్కువ. వీర్యకణంలో తోక, కాస్త జన్యుపదార్థం, దాన్ని ఈదించడానికి కావలసినంత ఇంధనం. చవకది, కాబట్టి లక్షల్లో. మొదటి చెల్లింపు ఆడదానిదే, అది నిజం. తర్వాత చెల్లింపులు ఎవరు కడతారన్నది మాత్రం జాతికొక తీరు. మీ కథ ఉన్నది అక్కడ.

కొల్లేరు వెళ్ళినవాళ్ళు చూసే ఉంటారు, పొడుగాటి కాలివేళ్ళతో తామరాకుల మీద మునిగిపోకుండా నడిచే పిట్ట. జకానా అంటారు. ఆడపిట్ట ఒళ్ళు పెద్దది, మగపిట్ట చిన్నది. ఆడది నాలుగు గుడ్లు పెట్టి ఇంకో మగపిట్ట దగ్గరికి వెళ్ళిపోతుంది. పొదగడం, పిల్లల్ని వెంటేసుకుని తిప్పడం అంతా మగపిట్టే. కొన్ని రకాల్లో చినుకు పడితే పిల్లల్ని రెక్కల కింద పెట్టుకుని పరిగెడుతుంది కూడా, బయటికి వాటి కాళ్ళు మాత్రం వేలాడుతూ కనబడతాయి. మరి తగువు ఎవరెవరికి? ఆడపిట్టలకీ ఆడపిట్టలకీ, మడుగు కోసం. కొత్త ఆడది వచ్చి పాతదాన్ని తరిమేసి, పిల్లల్ని కూడా చంపేస్తుంది. మగపిట్ట చేతులు ఖాళీ అవ్వాలి కదా మరి. ఖర్చు మగవాడి మీదికి వెళ్ళేసరికి యుద్ధం ఆడదాని చేతికొచ్చింది. ఈ ఒక్క సంగతిలో రాజ్యాలున్నాయి, అంతఃపురాలున్నాయి, పగలున్నాయి. సముద్రపు గుర్రం సంగతి మీ అందరికీ తెలుసు, మగదానికి సంచి ఉంటుంది, అదే మోస్తుంది. అది చాలామంది వాడేశారు, వదిలేయండి.

ఇలా అనగానే ఎవరో ఒకరు లేచి “మన పురాణాల్లో అన్నీ ఉన్నాయి మేడమ్” అంటారు. ఉన్నాయి బాబూ. యువనాశ్వుడనే రాజు దాహానికి ఆగలేక మంత్రజలం తాగేసి గర్భం ధరించాడు, ఆయన పక్క చీల్చుకుని కొడుకు పుట్టాడు. ఇక్కడిదాకా అందరికీ గుర్తుంటుంది. నాకు నచ్చింది ఆ తర్వాతిది. పిల్లాడు పుట్టగానే అక్కడున్నవాళ్ళు అడిగిన మొదటి ప్రశ్న, “వీడు పాలు ఎవరి దగ్గర తాగుతాడు?” ఇంద్రుడొచ్చి నా దగ్గర తాగుతాడని చూపుడువేలు నోట్లో పెట్టాడు. మాంధాత అనే పేరు అందులోంచే వచ్చింది. ఆ కథ కట్టినవాడికి తెలుసు, కన్నంత మాత్రాన అయిపోలేదు, పాల లెక్క తేల్చాలి. మీ నీలం నెత్తురు వాళ్ళకి పాల లెక్క ఎవరు తేల్చారు?

ఇప్పుడు మూడు లింగాల సంగతి. బిడ్డ పుట్టాలంటే ముగ్గురూ కావాలన్నారనుకోండి. మనకి ఇద్దరిని కలపడానికే పెళ్ళిళ్ళ పేరయ్యలు, వెబ్‌సైట్లు, ఆరునెలల బేరాలు. ముగ్గురు ఒకే కాలంలో ఒకేచోట దొరకాలంటే జనం కిక్కిరిసి ఉండే జాతికే సాధ్యం. అడవిలో ఆమడకొకరు బతికే జాతికి మూడు లింగాలు పెడితే రెండు తరాల్లో అంతరించిపోతుంది. ప్రకృతి లెక్క వేరుగా వేసింది. ఎండుకొమ్మల మీద తెల్లగా, చిన్న విసనకర్రల్లా మొలిచే పుట్టగొడుగు ఒకటుంది, షైజోఫిల్లమ్. దానిలో జతకట్టే రకాలు 23,000కి పైనే ఉన్నాయి. కానీ కలిసేది ఇద్దరే. అన్ని రకాలు ఎందుకంటే, దారిలో ఎదురుపడినవాళ్ళలో దాదాపు ఎవరైనా నీకు సరిపోతారు. నీ రకం వాళ్ళు తప్ప. అంటే రకాలు పెరిగితే పెళ్ళి సులువవుతుంది. అందరూ ఒకేసారి కావాలంటే పెళ్ళి కష్టమవుతుంది. “మూడు” అని రాసేముందు ఈ రెండింట్లో ఏదో తేల్చుకోండి. ఆ పుట్టగొడుగు పద్ధతిలో ఒక ఊరు ఊహించండి, అక్కడ గోత్రం తప్ప ఇంకో నిషేధం లేదు!

అసలు మగవాళ్ళే లేని జాతి పెట్టుకుంటానంటారా, దానికి మీరు వేరే గ్రహం దాకా వెళ్ళనక్కర్లేదు. పూలకుండీ మార్చేటప్పుడు మట్టిలోంచి నల్లగా, సన్నగా, వానపాములా మెరుస్తూ ఒకటి జారిపోతుంది. అది వానపాము కాదు, పామే. విషం లేదు, చంపకండి. ఆ జాతి అంతా ఆడవే. మగ సాయం లేకుండా గుడ్లు పెడతాయి, పుట్టేవీ ఆడవే. ఒక్కటి కుండీలో దాక్కుని ఓడెక్కితే చాలు, అవతలి దేశంలో వంశం మొదలవుతుంది. అలాగే ప్రపంచమంతా పాకింది. దీనికో తమాషా ఉంది. 1796లో పాట్రిక్ రస్సెల్ అనే ఈస్టిండియా కంపెనీ డాక్టరు మన తీరం పాముల మీద బొమ్మలతో పుస్తకం అచ్చువేయించాడు. అందులో దీని పేరు ఇంగ్లీషు అక్షరాల్లో “రొండూ తలూలూ పామ్” అని ఉంది. మన రెండు తలల పాము! తల ఏదో తోక ఏదో తెలియదు కదా, విశాఖపట్నంలో జనం చెప్పింది చెప్పినట్టు రాసుకున్నాడు. 1803లో దానికి శాస్త్రీయ నామం పెట్టింది ఆ బొమ్మని చూసే. అలా ఆ పాముకి శాస్త్రం ప్రకారం పుట్టిల్లు విశాఖపట్నం. ఇప్పుడు కోట్లు పలుకుతుందని పోలీసులకి దొరికిపోతుంటారే, ఆ రెండు తలల పాము వేరు, లావుగా ఉంటుంది, దానికి ఆడా మగా ఉన్నాయి. మోసపోయేవాళ్ళు కూడా రెండు రకాలూ ఉన్నారు. [నవ్వులు]

చేపల దగ్గరికి వద్దాం. ఇక్కడ కాసేపు ఆగుతాను.

క్లౌన్ చేప, నారింజ రంగు మీద తెల్ల పట్టీలు. పుట్టినప్పుడు అన్నీ మగవే. సీ అనిమోన్ అని పువ్వులా కనబడే సముద్రజీవి ఉంటుంది, దాన్లో చిన్న గుంపుగా ఉంటాయి. అన్నిటికన్నా పెద్దది ఆడది, రెండోది దాని మగడు, మిగతావి క్యూలో ఉన్న చిన్నవాళ్ళు. ఆడది చచ్చిపోతే మగడు ఆడదవుతాడు, క్యూలో మొదటివాడు మగడి స్థానంలోకి వస్తాడు. కరీబియన్ సముద్రంలో నీలం తల చేపకి ఇది తిరగబడి ఉంటుంది. మగది పోతే గుంపులో పెద్ద ఆడది కాసేపటికే మగవాడిలా ప్రవర్తించడం మొదలెడుతుంది, పది రోజుల్లో నిజంగా మగదైపోతుంది.

మీలో చాలామంది ఇది చదివి “అబ్బ, భలే ఉంది” అనుకుని పాత్రకి పెట్టేస్తారు. పాత్ర మారుతుంది, వెన్నెల్లో మెరుస్తుంది, అధ్యాయం అయిపోతుంది. కానీ మర్నాడు పొద్దున్న వాణ్ణి ఇంట్లోవాళ్ళు ఏమని పిలుస్తారు?

మన చుట్టరికం మొత్తం ఒక మేకుకి వేలాడుతోంది, ఆ మేకు తోబుట్టువు ఆడా మగా అన్నది. నాన్న తమ్ముడు బాబాయి, ఆయన పిల్లలు నాకు అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు. నాన్న చెల్లెలు మేనత్త, ఆవిడ పిల్లలు బావలు, మరదళ్ళు. మొదటివాళ్ళని పెళ్ళి చేసుకుంటానంటే ఊరు వెలివేస్తుంది, రెండోవాళ్ళని చేసుకోనంటే కొన్ని ఇళ్ళల్లో ఇప్పటికీ అలుగుతారు. మేనరికాలతో వచ్చే జబ్బుల మీద మీకు ఇంకో గంట క్లాసు చెప్పగలను, ఇవాళ వద్దు. ఇప్పుడు మా బాబాయి క్లౌన్ చేపలా, కానీ నీలం తల చేపంత తొందరగా మారిపోయాడనుకోండి. పది రోజుల్లో ఆయన మా మేనత్త. నిన్నటిదాకా నేను అన్నయ్యా అన్నవాడు ఇవాళ బావ. రాఖీ కట్టిన చేత్తో వరమాల వేయొచ్చా? ఆస్తి పంపకం కాగితాల మీద ఆయన సంతకం చెల్లుతుందా? ఆయన ఎప్పుడు మారాడన్న తేదీ మీద కోర్టులో కేసు నడుస్తుంది. నన్నిచ్చి చేయడం ఇష్టం లేని పెద్దవాళ్ళు “ఇంకా పూర్తిగా మారలేదు, పదో రోజు కాలేదు” అంటారు. వెన్నెల్లో మెరవడం కన్నా ఇది మంచి కథ కాదూ?

ఇంగ్లీషులో రాసేవాళ్ళకి ఇది తట్టదు. వాళ్ళకి అందరూ అంకుల్సే, అందరూ కజిన్సే. ఆ మేకు మన భాషలో ఉంది కాబట్టి మీకే దొరుకుతుంది.

తేనెటీగల్లో పోతుటీగ తండ్రి లేకుండా పుడుతుంది. ఫలదీకరణం కాని గుడ్డు పోతుటీగ, అయిన గుడ్డు రాణో కూలి ఈగో. కాబట్టి పోతుటీగకి తండ్రి లేడు, తాతున్నాడు, తల్లి తండ్రి. అలాంటి జాతిలో ఒక మగవాడు తద్దినం పెట్టాడనుకోండి. మనం తండ్రి, తాత, ముత్తాత అని మూడు పిండాలు పెడతాం. వాడు మొదటి పిండం దగ్గర ఏమని చెబుతాడు? ఆ ఖాళీ జాగాలో ఆ జాతి మతమంతా పుడుతుంది.

తాటిచెట్టు ఇంకో పాఠం. కల్లు గీసేవాళ్ళని అడగండి, పోతుతాడు వేరు, పండుతాడు వేరు. కానీ నాటిన టెంక ఏది అవుతుందో పది పదిహేనేళ్ళు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ, పూత వచ్చేదాకా ఎవరూ చెప్పలేరు. అలాంటి జాతిలో పిల్లల్ని ఎలా పెంచుతారు? జడ వేస్తారా, మొలతాడు కడతారా? నేననుకోవడం, అన్నీ నేర్పుతారు, ఏదీ పూర్తిగా నేర్పరు.

ఇక నేను తయారుచేసిన జాతి. నవ్వకండి, కథ రాయలేదు, నోటుబుక్కులో లెక్క మాత్రం వేశాను. తుంగవాళ్ళు అని పేరు. పెద్ద ఉప్పుటేరు ఒడ్డున ఉంటారు. దీనికి మూలం సముద్రపు తాబేలు, ఆలివ్ రిడ్లే. మన తీరానికి ఏటా వస్తాయి, విశాఖలో, శ్రీకాకుళంలో గుడ్లు తీసి హేచరీల్లో పూడ్చి కాపాడుతుంటారు. ఒక్కో తాబేలు వంద దాకా పెడుతుంది. గుడ్డులో ఆడా మగా ముందే రాసి ఉండదు. ఇసుక వేడి తేలుస్తుంది. సుమారు 29, 30 డిగ్రీల దగ్గర సగం సగం, అంతకన్నా చల్లబడితే మగవి, వేడెక్కితే ఆడవి.

తుంగవాళ్ళలో ఆడది జీవితంలో ఒకేసారి, నలభై గుడ్లు ఇసుక గుంటలో పెట్టి నీళ్ళ మీదికి వెళ్ళిపోతుంది. పడవలు, వేట, బేరం, తగువులు ఆవిడవి. మగవాడు గుంట దగ్గర యాభై రోజులు కాపలా. ఎండ ఎక్కువైతే తుంగచాప తడిపి కప్పుతాడు, తక్కువైతే తీస్తాడు. ఆగండి. అంటే బిడ్డ ఆడా మగా అన్నది ఎవరి చేతిలో ఉంది? చాప పట్టుకున్నవాడి చేతిలో. ఆ అధికారం ఉన్నవాడు ఏం చేస్తాడో మనకి వేరే చెప్పాలా? ప్రతి స్కానింగ్ సెంటర్ గోడ మీదా “ఇక్కడ లింగ నిర్ధారణ చేయబడదు” అని బోర్డు ఉంటుంది, 1994లో చట్టం చేస్తే తప్ప ఆ బోర్డు రాలేదు. తుంగవాళ్ళూ ఒక తరంలో అందరూ చాపలు కప్పేశారు. మగపిల్లలైతే ఒడ్డున తోడుంటారని. పదిహేనేళ్ళకి ఇసుకలో గుంటలే లేవు, గుడ్లు పెట్టేవాళ్ళేరి? అప్పట్నించి చాపలు తండ్రుల దగ్గర ఉండవు, ఊరి ముసలమ్మల దగ్గర ఉంటాయి, లెక్కగా ఇచ్చి లెక్కగా తీసుకుంటారు. ఒక రాత్రి ఎవరో చాప దొంగిలించారు. అక్కణ్ణించి మీరు రాసుకోండి.

వాళ్ళ సామెత ఒకటి నాకు ఉచితంగా దొరికింది. చాప కింద నీరు! మనకి అది గుట్టుగా సాగే పని. వాళ్ళకి అది నేరం పేరు.

ఒక గుంటలో పిల్లలంతా ఒకే వేడిలో పెరిగారు, తాబేలుకున్న ఆ సగం సగం వీళ్ళకి పెట్టలేదు. కాబట్టి అంతా ఆడపిల్లలు, లేదా అంతా మగపిల్లలు. తల్లి మళ్ళీ గుడ్లు పెట్టదు. కాబట్టి ఆ జాతిలో అక్కకి తమ్ముడుండడు, అన్నకి చెల్లెలుండదు. అమ్మ తోడబుట్టినవాళ్ళంతా పిన్నులే. నాన్న తోడబుట్టినవాళ్ళంతా బాబాయిలే. కాబట్టి మేనమామ లేడు, మేనత్త లేదు, బావా లేడు, మరదలూ లేదు. ఇది లెక్క వేస్తూ రాత్రి పదకొండింటికి గబుక్కున లేచి కూర్చున్నాను. చెవులు కుట్టేటప్పుడు ఒళ్ళో కూర్చోబెట్టుకునేవాడు లేడు. పెళ్ళికూతుర్ని బుట్టలో మోసుకొచ్చేవాడు లేడు. బావామరదళ్ళ సరసం లేదు, కాబట్టి వాళ్ళ పాటల్లో సగం ఉండవు. ఆ పనులన్నీ ఎవరు చేస్తారు? పక్క గుంట వాళ్ళు చేస్తారు. ఎవరి గుంట పక్కన ఎవరి గుంట తవ్వాలన్నది వాళ్ళకి మన జాతకాలు కలపడం కన్నా పెద్ద వ్యవహారం.

చూశారా, నేను కొమ్ములు పెట్టలేదు. నెత్తురు ఎర్రగానే ఉంది.

ఇంకొక్కటి, వ్యాకరణం. “అతను వచ్చాడు.” “ఆమె వచ్చింది, ఆవు వచ్చింది, బస్సు వచ్చింది.” తెలుగులో ఏకవచనంలో మగవాడు ఒక పక్క, ఆడదీ ఆవూ బస్సూ ఇంకో పక్క. బహువచనానికి వెళ్ళేసరికి “ఆడవాళ్ళు వచ్చారు, మగవాళ్ళు వచ్చారు, ఆవులు వచ్చాయి”. ఇక్కడ ఆడవాళ్ళు గట్టెక్కారు. ఈ పద్ధతి మీకు నచ్చినా నచ్చకపోయినా, మొదటి వాక్యంలో మీ జాతివాడు తలుపు తీసేసరికి క్రియ చివర మీరు తేల్చి చెప్పాలి. తప్పించుకోవడానికి చాలామంది అందరికీ “వచ్చారు” పెట్టేశారు. పాపం, కథంతా కలెక్టరాఫీసులా ఉంది. తప్పించుకోకండి, వాడుకోండి. లెక్కపెట్టడంలో కూడా ఉంది చూడండి, “మూడు” అంటారా, “ముగ్గురు” అంటారా? గుంటలో ఉన్నవి “నలభై”. బతికి బయటికొచ్చినవాళ్ళు “ముగ్గురు”. ఆ మాట మారిన చోట కన్నీళ్ళు పెట్టించొచ్చు.

నా సమయం అయిపోయిందని చీటీ పంపారు. ప్రశ్నలుంటే అడగండి.

[ప్రశ్న: ఇదంతా రాస్తే హిజ్రాల గురించి, ట్రాన్స్ మనుషుల గురించి రాసినట్టు అనుకోరా మేడమ్?]

అనుకుంటారు. అందుకే జాగ్రత్త కావాలి. 2014లో సుప్రీంకోర్టు వాళ్ళని మూడో లింగంగా గుర్తించింది, వాళ్ళు మన వీధిలో ఉన్న మనుషులు. వాళ్ళ గురించి రాయాలంటే వాళ్ళ దగ్గర కూర్చుని, విని, మనుషులుగా రాయండి. చేప మీద పెట్టి రాస్తే వాళ్ళని చేపల్లో కలిపినట్టవుతుంది. చేప కథ చేపకే ఉంచండి.

[ప్రశ్న: ఇంత లెక్క పాఠకుడికి ఎక్కడ చెప్పాలి? మొదటి అధ్యాయంలోనా?]

ఎక్కడా చెప్పొద్దు. పాఠం చెప్పడం నా ఉద్యోగం, మీది కాదు. ఒక తండ్రి అర్ధరాత్రి లేచి ఇసుక మీద అరచెయ్యి పెట్టి చూసుకుంటాడు. అంతే రాయండి. మిగతాది నోటుబుక్కులో ఉంచుకోండి.

[ప్రశ్న: మరి మీ తుంగవాళ్ళకి ఏ క్రియ వాడతారు?]

మంచి ప్రశ్న అడిగావమ్మా. గుంట దగ్గర కూర్చున్న యాభై రోజులూ తండ్రికి “గారు”, “కూర్చున్నారు, తిన్నారు, పడుకున్నారు”. ఆ రోజుల్లో ఆయనకి పథ్యం కూడా పెడతారు, మన బాలింతకి పెట్టినట్టు కారప్పొడీ, వెల్లుల్లీ. పిల్లలు బయటికొచ్చిన మర్నాటి నుంచి మళ్ళీ “వాడు”, “వచ్చాడు”.

[మరి తల్లికి?]

నేనూ అక్కడే ఆగిపోయానమ్మా. ఆవిడ గుడ్లు పెట్టి పడవెక్కేసింది. పిలవడానికి ఒడ్డున లేదు కదా, వీళ్ళు ఆవిడ గురించి చెప్పుకునేటప్పుడల్లా “వెళ్ళింది” అన్న ఒక్క క్రియే వాడుతున్నారు. పడవల మీద వాళ్ళలో వాళ్ళు ఏమని పిలుచుకుంటారో, అది నాకింకా దొరకలేదు.